బండి ఎక్కేస్తుంది... కొండ ఒప్పుకోవాలి కదా!

చలికాలం వచ్చిందంటే ఇన్‌స్టాలో ఒక రకం రీల్ తప్పకుండా ఎదురవుతుంది. తెల్లటి కొండ, నీలం ఆకాశం. బైకూ కాదు, పడవా కాదు అన్నట్టుండే ఒక బండి, మంచును పొగలా ఎగజిమ్ముతూ నిట్టనిలువుగా పైకి ఎక్కేస్తుంటుంది. కింద కామెంట్లన్నీ ఒకటే పాట: 'బ్రో, బకెట్ లిస్ట్!' మీలో చాలామంది లైక్ కొట్టే ఉంటారు. నేనూ కొట్టా.

ఆ బండి పేరు స్నోమొబైల్. అందులోనూ దారీ తెన్నూ లేని కొండల మీద, లోతైన మెత్తటి మంచులో తిరగడానికే చేసిన రకాన్ని మౌంటెన్ స్లెడ్ అంటారు. మొన్న ఫిబ్రవరిలో అలాంటి సరికొత్త బండి మీద ఒక రోజంతా తిరిగే చాన్స్ దొరికింది. ఈ వారం ఆ ముచ్చట్లే. ఇది యాడ్ కాదు కాబట్టి కంపెనీ పేరు జోలికి పోను. పైగా నేను చెప్పాలనుకున్నది బండి ఎంత బాగుందో ఒక్కటే కాదు. అంత బాగుండటం వల్ల వచ్చిన తంటా గురించి కూడా.

బండి నాది కాదులెండి. నేను పనిచేసేది అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో. ఇక్కడ మాకు ఒక కరీంనగర్ అన్న ఉన్నాడు. పదేళ్ల కిందట ఉద్యోగానికి వచ్చి, మంచు మీద మనసు పారేసుకుని ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఆయన దగ్గర పాత స్లెడ్ ఒకటుంది. ఈ సీజన్‌కి కొత్తది కొన్నాడు. ధర మన లెక్కలో పదిహేను లక్షల పైమాటే. 'పాతది నువ్వు తోలు, కొత్తది నేను తోలుతా, మధ్యాహ్నం మార్చుకుందాం తమ్మీ' అన్నాడు. తెనాలివాడిని, కాదంటానా?

ఆర్‌ఎక్స్ వాసన, యాక్టివా బెల్టు

మేం వెళ్లింది యూటా రాష్ట్రంలోని యుయింటా కొండలకు. సాల్ట్ లేక్ నుంచి గంట దూరంలో కేమస్ అనే చిన్న ఊరు. అక్కడి నుంచి మిర్రర్ లేక్ హైవే కొండల్లోకి పోతుంది. వేసవిలో కార్ల రోడ్డు అది. శీతకాలంలో కొంతదూరం దాటాక మంచు తీయడం మానేస్తారు. అక్కడి నుంచి అది స్నోమొబైళ్ల దారి. ఎక్కుతూ పోతే బాల్డ్ మౌంటెన్ పాస్ దగ్గర ఎత్తు 10,700 అడుగులు దాటుతుంది. పొద్దున ట్రైలర్ లోంచి బండ్లు దింపేటప్పటికి చలి మైనస్ 12 డిగ్రీలు.

ఇంజిన్ స్టార్ట్ చేయగానే నాకు తగిలిన మొదటి విషయం వాసన! మా మావయ్య ఆర్‌ఎక్స్ 100 గుర్తొచ్చింది. అవును, ఇదీ టూ-స్ట్రోకే. కాలుష్యం నిబంధనలతో మన రోడ్ల మీద నుంచి మాయమైన టూ-స్ట్రోక్, మంచుకొండల మీద ఇంకా దర్జాగా బతికే ఉంది. కారణం సింపుల్: అదే పవర్‌కి బరువు తక్కువ. మెత్తటి మంచులో బరువంటే మునిగిపోవడమే. కాకపోతే ఆర్‌ఎక్స్‌ది 98 సీసీ, 11 హార్స్ పవర్. దీనిది 850 సీసీ, రెండు సిలిండర్లు, 165 హార్స్ పవర్. బండి బరువు మాత్రం సుమారు 200 కిలోలే. పెట్రోలును నేరుగా సిలిండర్లోకి కొట్టే ఇంజెక్షన్ ఉంది కాబట్టి పాతరోజుల్లోలా పొగ కమ్మేయదు.

గేర్లు లేవు. క్లచ్ లివర్ లేదు. మీ ఇంట్లో యాక్టివా ఉంటే అందులో ఉండే బెల్టు ఏర్పాటే ఇక్కడా ఉంటుంది. రెండు పుల్లీలు, మధ్యలో ఒక బెల్టు, వేగాన్ని బట్టి నిష్పత్తి దానంతటదే మారుతుంది. యాక్సిలరేటర్ తిప్పేది కాదు, కుడి బొటనవేలితో నొక్కే చిన్న లివర్. ఎడమ చేతికి బ్రేకు. చేతులు గడ్డకట్టకుండా హ్యాండిల్‌కి హీటర్, ఆ బొటనవేలి లివర్‌కి కూడా ఇంకో హీటర్. జాకెట్‌కి తగిలించుకునే తాడు ఒకటుంటుంది. మనం పడిపోతే అది ఊడిపోయి ఇంజిన్ ఆగిపోతుంది.

ఇంజినీరింగ్ చదివినవాడిగా నన్ను పడేసినవి రెండు. ఒకటి, కూలింగ్. ఈ బండికి కారులా గాలి తగిలే రేడియేటర్ ఉండదు. వెనక ట్రాక్ తిరిగేటప్పుడు ఎగిరే మంచు, సీటు కింద ఉన్న అల్యూమినియం గొట్టాల మీద పడి కరుగుతూ ఇంజిన్‌ని చల్లబరుస్తుంది. అంటే చుట్టూ మంచు ఉన్నా సరే, అది గట్టిపడి ఎగరకపోతే బండి వేడెక్కిపోతుంది. అందుకే పొద్దున గట్టి దారి మీద వెళ్లేటప్పుడు స్క్రాచర్లు అనే రెండు తీగల్లాంటివి కిందకి దించి, నేలను గీరుతూ మంచుపొడి రేపుకుంటూ పోవాలి.

రెండోది, రివర్స్. బటన్ నొక్కితే ఇంజిన్ ఆగిపోబోతున్నట్టు నెమ్మదిస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో స్పార్క్ టైమింగ్ మార్చేసరికి, ఇంజినే ఉల్టా తిరగడం మొదలుపెడుతుంది. రివర్స్ గేర్ అంటూ ఏమీ లేదు. కోడ్ రాసి వెనక్కి నడిపిస్తున్నారన్నమాట! టూ-స్ట్రోక్ కాబట్టే అది కుదిరింది.

తిప్పితే తిరగదు, వాలితే తిరుగుతుంది

రోడ్డు లాంటి దారి మీద స్నోమొబైల్ నడపడం పది నిమిషాల్లో వచ్చేస్తుంది. ముందు రెండు స్కీలు, వెనక ఒక పొడవాటి రబ్బరు ట్రాక్. హ్యాండిల్ ఎటు తిప్పితే అటు పోతుంది.

దారి దిగి మెత్తటి మంచులోకి వెళ్లామా, సిలబస్ మొత్తం మారిపోతుంది. అక్కడ స్కీల కింద గట్టి నేల లేదు. హ్యాండిల్ తిప్పితే బండి వినదు. ఎడమకు పోవాలంటే బరువంతా ఎడమ ఫుట్‌బోర్డు మీద వేయాలి, హ్యాండిల్‌ని కొంచెం కుడికి తిప్పాలి, ఒక్కసారి యాక్సిలరేటర్ నొక్కాలి. బండి ఎడమ పక్కకి ఒరుగుతుంది. కుడి స్కీ గాల్లోకి లేస్తుంది. అలా ఒరిగిన అంచు మీదే, కత్తితో జున్ను కోసినట్టు, మంచును కోసుకుంటూ గుండ్రంగా తిరుగుతుంది. సీటు మీద కూర్చునేది తక్కువ, నిలబడేదే ఎక్కువ.

పొద్దున పాత బండి మీద ఇది చేయడానికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అది ఒరగదు. దాన్ని ఒరిగించాలంటే ఒళ్లంతా వేలాడదీయాలి. ఒరిగిందంటే మళ్లీ నిలబడదు. గంటలో భుజాలు పోయాయి. అన్న నవ్వాడు. 'గీ బండి మీద నేను నేర్సుకునుడుకు మూడు సీజన్లు పట్టింది' అన్నాడు.

మధ్యాహ్నం కొత్తది ఎక్కా.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, పాతది గేదె, కొత్తది మేకపిల్ల. ఊరికే అటు చూసి, మోకాలితో కాస్త నెడితే చాలు, ఒరిగిపోతోంది. ఒరిగాక అక్కడే తూకంగా ఉంటోంది. కొండ వాలుకి అడ్డంగా పోవడం ఈ ఆటలో కష్టమైన విద్య. పాత బండి మీద పది మీటర్లు కూడా పోలేనివాడిని, కొత్తదాని మీద చెట్ల మధ్య నుంచి ఏటవాలుగా పోతూనే ఉన్నా. పదేళ్లలో ఏం మారిందో అన్న వివరించాడు. ముందు స్కీల మధ్య దూరం తగ్గించారు, అందుకే సులువుగా ఒరుగుతుంది. ట్రాక్ పొడవు 165 అంగుళాలు, దాని మీద 3 అంగుళాల ఎత్తున రబ్బరు పళ్లు. అవి మంచులో తెడ్ల మాదిరి పనిచేస్తాయి. ట్రాక్ అంచులు మెత్తగా వంగుతాయి. నడిపేవాడు నిలబడే చోటు ముందుకు జరిగింది.

ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి పల్చబడుతుంది కదా. మామూలు ఇంజిన్ ప్రతి 1,000 అడుగులకి సుమారు 3 శాతం పవర్ పోగొట్టుకుంటుంది. 10,000 అడుగుల దగ్గర 165 కాస్తా 115కి అటూ ఇటూ అవుతుంది. అది కూడా పోకూడదంటే టర్బో మోడళ్లు దొరుకుతున్నాయి. గాలిని కుదించి లోపలికి తోసి, ఎత్తు వల్ల పోయే పవర్‌ని చాలావరకు వెనక్కి తెచ్చేస్తాయి.

మధ్యలో ఒక చోట అన్న బండి దిగబడింది. ఎక్కుతూ ఎక్కుతూ ట్రాక్ తనకి తానే గొయ్యి తవ్వుకుని నడుం దాకా కూరుకుపోయింది. యాక్సిలరేటర్ నొక్కేకొద్దీ ఇంకా లోతుకి పోతుంది. పార తీసి ముందు మంచు తవ్వాం, కాళ్లతో తొక్కి గట్టి చేశాం, బండిని పక్కకి దొర్లించాం. ఇరవై నిమిషాలు. ఆ ఎత్తులో ఇద్దరికీ ఊపిరి అందలేదు. ఈ ఆటలో పార లగేజీ కాదు, బండిలో ఒక పార్టు.

36 డిగ్రీలు

రెండు గంటలప్పుడు చెట్లు దాటి ఒక పెద్ద గిన్నెలాంటి లోయ అంచుకు చేరాం. ఎదురుగా ఆ రీల్! అదే తెల్లటి వాలు, అదే నీలం ఆకాశం. ముగ్గురు కుర్రాళ్లు వంతులేసుకుని దాన్ని ఎక్కుతున్నారు. ఎవరు ఎంత పైకి వెళ్లి తిరిగొస్తే అంత గొప్ప. దీన్ని హైమార్కింగ్ అంటారు. వాలు మీద అప్పటికే ఐదారు గీతలున్నాయి.

నా బండి ఎక్కగలదు. అందులో డౌటే లేదు. బొటనవేలు దురద పెడుతోంది.

'గా కొండ జోలికి పోవద్దు తమ్మీ' అన్నాడు అన్న. ఫోన్ తీసి ముందే డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాప్ చూపించాడు. వాలు 30 డిగ్రీలు దాటిన చోటల్లా రంగు వేసి ఉంటుంది అందులో. మా ఎదురుగా ఉన్నది 36. మంచు చరియలు ఎక్కువగా విరిగిపడేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే. అంతకన్నా తక్కువైతే జారడం అరుదు, మరీ ఎక్కువైతే మంచు పెద్దగా నిలవదు. విచిత్రం ఏమిటంటే, ఈ బండ్లకి బాగా మజా ఇచ్చే వాలు కూడా సరిగ్గా అదే.

యూటా అవలాంచ్ సెంటర్ వాళ్లు శీతకాలంలో రోజూ పొద్దున్నే ప్రమాదస్థాయి చెబుతారు. ఆ రోజుది ఐదు మెట్లలో మూడోది. మూడే కదా అనిపిస్తుంది. కానీ ప్రాణాలు పోయే రోజుల్లో ఈ మూడో మెట్టు రోజులే చాలా ఎక్కువ. నాలుగూ ఐదూ అంటే జనం ఇల్లు కదలరు. మూడంటే బయల్దేరతారు.

కారణం మంచు లోపల ఉంది. మనకి పొగమంచూ మంచే, ఆకాశం నుంచి పడేదీ మంచే, ఫ్రిజ్‌లో గడ్డకట్టేదీ మంచే. ఇక్కడ ఒకే కొండ మీది మంచులో పొరలు పొరలుగా రకాలుంటాయి. సీజన్ మొదట్లో కొద్దిగా పడిన మంచు, చలికి వారాల తరబడి అలాగే ఉండిపోయి రవ్వ రవ్వగా మారుతుంది. చేతిలోకి తీసుకుంటే పంచదారలా జారిపోతుంది, ముద్ద కట్టదు. యుయింటా కొండల్లో ఈ పొర తరచూ ఏర్పడుతుంది. దాని మీద తర్వాత పడ్డ మంచు గాలికి బిగుసుకుని దిబ్బరొట్టెలా గట్టిపడుతుంది. అంటే ఉప్మారవ్వ పరిచి, మీద ఒక దిబ్బరొట్టె పెట్టి, పళ్లాన్ని ఏటవాలుగా వంచినట్టు. అలా ఎన్నాళ్లయినా ఉండొచ్చు. మనిషి బరువో, 200 కిలోల బండి బరువో సరైన చోట పడితే మొత్తం పలక ఒక్కసారే జారుతుంది. ప్రాణం తీసిన ప్రమాదాల్లో పదికి తొమ్మిది, అందులో చిక్కుకున్నవాళ్లో వాళ్ల పక్కవాళ్లో కదిలించినవే. కొండ తనంతట తానుగా మీద పడటం తక్కువ.

'వాళ్లు ఐదుసార్లు ఎక్కారు కదన్నా, ఏం కాలేదుగా?' అన్నా.

'ఆరోసారి ఎవరెక్కాలె మరి?' అన్నాడు.

మేం వెనక్కి తిరిగాం. ఆ ముగ్గురూ ఎక్కుతూనే ఉన్నారు. ఒక పక్కగా ఆగి చాలాసేపు చూశాం కూడా. కొండ జారలేదు.

జారలేదు కాబట్టే భయం

నేను సాఫ్ట్‌వేర్ వాడిని. మాకు మొదట్లోనే నేర్పే పాఠం ఒకటుంది. టెస్టు పాసయితే బగ్ లేదని కాదు, ఆ టెస్టుకి దొరకలేదని. ఆ ముగ్గురూ ఆ సాయంత్రం ఇంటికెళ్లి 'మాకు కొండ తెలుసు' అనుకుని ఉంటారు. నిజానికి వాళ్లకి తెలిసింది, ఆ ఐదారు గీతల మీద ఆ రోజు బలహీనమైన చోటు తగల్లేదని మాత్రమే. కోడ్‌లో తప్పు చేస్తే కంప్యూటర్ అప్పటికప్పుడు ఎర్రగా అరుస్తుంది. కొండ అలా అరవదు. తప్పు చేసినా చాలాసార్లు మార్కులు వేసి పంపేస్తుంది. ఒక్కసారి మాత్రం అన్ని పరీక్షలూ కలిపి ఫెయిల్ చేస్తుంది.

ఇక్కడే కొత్త బండి సంగతి మళ్లీ వస్తుంది. పాత బండి మీద ఆ లోయ దాకా రావడానికి అన్నకి మూడు సీజన్లు పట్టింది. ఆ మూడేళ్లలో దిగబడి, తవ్వుకుని, పెద్దవాళ్ల వెంట తిరిగి, మంచు సంగతులు కూడా పక్కపక్కనే నేర్చుకున్నాడు. బండి కష్టంగా ఉండటమే ఒక రకం గేటు. నాకు అదే చోటికి చేరడానికి ఒక్క మధ్యాహ్నం సరిపోయింది. బండి నేర్పు పదింతలు పెరిగింది, మంచు గురించి నా జ్ఞానం మాత్రం పొద్దున ఎంతుందో అంతే. గేటు తీసేశారు, లోపల ఉన్నది మారలేదు. కొత్త టెక్నాలజీ తప్పని నేననను. ఆ బండి తయారుచేసినవాళ్లకి దండం పెట్టాలి. కానీ అది ఇచ్చే ధైర్యం మన సొంతం అనుకుంటేనే చిక్కు.

ఈ బండ్ల కథ మొదలైన తీరు తెలిస్తే మనసు అదోలా అవుతుంది. కెనడాలోని క్యుబెక్‌లో వాల్‌కోర్ అనే ఊళ్లో జోసెఫ్ ఆర్మండ్ బొంబార్డియర్ అనే మెకానిక్ ఉండేవాడు. 1934 శీతకాలంలో ఆయన రెండేళ్ల కొడుకుకి కడుపులో ఇన్ఫెక్షన్ వచ్చింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి. ఆసుపత్రికి తీసుకెళ్లే బండి లేదు. పిల్లాడు చనిపోయాడు. మంచు మీద నడిచే బండి కోసం అప్పటికే ప్రయోగాలు చేస్తున్న ఆయన మరింత పట్టుబట్టి, కొన్నేళ్లకి ఏడుగురు ఎక్కే ట్రాక్ బండిని అమ్మకానికి తెచ్చాడు. 1959లో చిన్న స్నోమొబైల్ స్కీ-డూ వచ్చింది. మనిషిని ఆసుపత్రికి చేర్చాలన్న తపనతో పుట్టిన బండి అది. దాని మనవళ్ల మీద ఇప్పుడు మనం, ఆసుపత్రి మన దగ్గరికి రాలేని చోటికి సరదాగా వెళ్తున్నాం.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు

అమెరికా, కెనడాల్లో ఉన్న మన పిల్లలు చాలామంది ఇప్పుడు వీకెండ్‌కి ఈ బండ్లు అద్దెకి తీసుకుంటున్నారు. గుల్మార్గ్ వెళ్లి ఎక్కొచ్చేవాళ్లూ ఉన్నారు. భయపెట్టి ఆపడం నా ఉద్దేశం కాదు. చదును దారి మీద, గైడ్ వెంట తిరగడం హాయిగా చేయొచ్చు. దారి దిగుతున్నారంటే మాత్రం ఇవి గుర్తుంచుకోండి.

ఒకటి, ఆ రోజు ఆ ప్రాంతం అవలాంచ్ రిపోర్టు చదవకుండా కదలొద్దు. రెండు నిమిషాల పని. ప్రమాదం ఉన్న రోజు 30 డిగ్రీల లోపు వాలు మీదే ఉండండి. అలాంటి నిలువు వాలు కింద బండి ఆపి సెల్ఫీలు కూడా వద్దు, పైనుంచి జారేది కిందికే వస్తుంది.

రెండు, బీకన్, ప్రోబ్, పార. ప్రతి ఒక్కరి దగ్గరా, వాళ్ల ఒంటి మీదే ఉండాలి. బండిలో పెడితే బండితో పాటే పోతాయి. బీకన్ అంటే 457 కిలోహెర్ట్జ్ మీద సిగ్నల్ పంపే చిన్న పెట్టె. పూడుకుపోయినవాళ్లని మిగతావాళ్లు దాని ఆధారంగా వెతుకుతారు. మొదటి పది, పదిహేను నిమిషాల్లో తీస్తే ఎక్కువమంది బతుకుతారు. అరగంట దాటాక ఆశ చాలా తక్కువ. అంటే హెలికాప్టర్ వచ్చి కాపాడేది కాదు, పక్కనున్న ఫ్రెండే కాపాడాలి.

మూడు, ఇది ఫోన్ ప్రియులకి స్పెషల్. ఫోన్, స్మార్ట్‌వాచ్, కెమెరా బీకన్‌ని గందరగోళపెడతాయి. మామూలుగా తిరిగేటప్పుడు కనీసం 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరంగా ఉంచాలి. ఒకే జేబులో రెండూ వద్దు.

నాలుగు, వాలు మీదకి ఒక్కరే వెళ్లాలి. మిగతావాళ్లు పక్కగా, సేఫ్ చోట ఆగి చూస్తుండాలి. పైన ఫ్రెండ్ బండి దిగబడిందని సాయానికి ఇంకొకరు ఎక్కకూడదు. మనవాళ్లకి ఇది పాటించడం కష్టం, ఫ్రెండ్ కదా అని పరిగెడతాం. కానీ రెండో బండి బరువే పలకని కదిలించొచ్చు. అప్పుడు తవ్వేవాళ్లు తగ్గి, తవ్వాల్సినవాళ్లు పెరుగుతారు.

ఇంకోటి: మీ ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో చిన్న అక్షరాలు చదువుకోండి. చాలా పాలసీల్లో ఇలాంటి ఆటలు మినహాయింపుల లిస్టులో ఉంటాయి.

మళ్లీ ఎక్కుతావా అంటే, ఎక్కుతా. అంత తేలిగ్గా వదిలేసే బండి కాదది. వచ్చే డిసెంబర్‌లో అవలాంచ్ లెవెల్ వన్ కోర్సుకి పేరిచ్చా. మూడు రోజులు, మంచులో గొయ్యి తవ్వి పొరలు చదవడం నేర్పుతారట. పదిహేను లక్షల బండి సంగతి ఆ తర్వాత చూద్దాం. ముందు పార ఒకటి కొన్నా.